కోర్టు ముందర సంగటి

వడ్డించే ముందు రామేశ్వరమ్మ ఎప్పుడూ ఒక పని చేసేది. గుండిగలోని రాగి సంగటిని తడిచేత్తో చిటికెడు గిల్లి, పక్కనున్న పుల్లగూరలో అద్ది, నోట్లో వేసుకునేది. నిలబడే నమిలేది. మింగాక చేయి కడుక్కుని అప్పుడు మొదటి పళ్లెం అందుకునేది. ఎదుట బల్లల మీద ఎంతమంది ఆకలితో కూర్చున్నా ఆ నమలడంలో తొందర ఉండేది కాదు.

ప్రొద్దుటూరు కోర్టుకు ఎదురుగా, రోడ్డు అవతల, రేకుల కింద ఆమె సంగటి అంగడి చాలా ఏళ్లు నడిచింది. దానికి బోర్డు లేదు. ప్లీడరు గుమాస్తాలు, కానిస్టేబుళ్లు, వాయిదాలకు వచ్చినవాళ్లు అక్కడ తినేవారు. వాయిదాలకు వచ్చేవాళ్లలో ఆ రోజుల్లో ఎక్కువమంది పల్లెల నుంచి జీపుల్లో దిగే ఫ్యాక్షన్ కేసుల మనుషులు. ఒకే కేసులో ముద్దాయిలు, సాక్షులు ఒకే రేకుల కింద కూర్చుని తినే చోటు ఊళ్లో అదొక్కటే.

ఆ చిటికెడు సంగటి గురించి వాళ్లలో ఒక నమ్మకం ఉండేది. విషం కలపలేదని చూపడానికే ఆమె ముందు తింటుందని. అది నిజం కాదు. కానీ ఆమె ఎవరినీ సరిదిద్దలేదు.

ఆమె పుట్టింది జమ్మలమడుగు తాలూకాలో, పెన్న ఒడ్డున, గుండ్లకొట్టాల అనే ఊళ్లో. గొర్రెలు కాసే ఇల్లు. నాయన, చిన్నాయన ఒకే ఆవరణలో ఉండేవారు. పొయ్యి ఒకటే. పొద్దు గూకి మందలు దొడ్డికి చేరాక అందరూ కలిసి తినేవారు. ఆవరణ మధ్యలో నేలలో పాతిన రోలు ఉండేది. అమ్మ చిన్నసుబ్బమ్మ వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి అందులో ఊరిమిండి నూరేది. నూరినదాన్ని గిన్నెలోకి తీసేవారు కాదు. రోలు చుట్టూ కూర్చుని, ఎవరి పళ్లెంలోని సంగటి వాళ్లు తుంచుకుని, అందరూ రోట్లోనే అద్దుకునేవారు. కర్ర పట్టి కాయలు కాసిన చేతులు, పిల్లల చేతులు ఆ గుంటలోకి వచ్చి పోయేవి. చేతులు తగులుకున్నప్పుడు నవ్వేవారు. అంతకుమించి మాటలు ఉండేవి కావు. పగలంతా గొర్రెలను అదిలించి అదిలించి ఆ మగవాళ్ల గొంతులు అలిసిపోయి ఉండేవి.

మొదటి ముద్ద అమ్మదే. ఊళ్లో మిగతా ఇళ్లలో ఆడవాళ్లు చివర తినేవారు. పొరుగింటావిడ ఒకసారి అడిగేసింది.

"ఏంది సుబ్బక్కా, మొగోళ్లు కూచోకముందే నువ్వు తింటాండావు?"

"నాకు ఆకలైతాంది. పొద్దన్నుంచి పొగలో ఉండేది నేను గదా."

"ఆకలి మాకు కాదా ఏంది?"

"మీకు సిగ్గెక్కువ. నాకు ఆకలెక్కువ."

కూతురితో మాత్రం ఇంకో కారణం చెప్పింది. "ఉప్పు చాలకుంటే ఇంతమంది మొగాలు మాడిపోతాయి మ్మే. అది చూడల్యాక ముందు నేనే తిని చూస్తా."

రామేశ్వరమ్మ అప్పటి నుంచి మొహాలు చూడటం మొదలుపెట్టింది. ముద్ద నోట్లోకి పోయాక నాయన నుదురు ఎలా వదులవుతుందో, చిన్నాయన కళ్లు ఎలా మూతపడతాయో, అన్న తిప్పన్న రెండో ముద్దకు ఎంత తొందరపడతాడో చూసేది. రోట్లో నూరే పచ్చడిబండ చేత్తో ఎత్తగలిగిన ఏడాది ఒకరోజు ఊరిమిండి తనే నూరింది. మిరపకాయలు ఎక్కువ పడ్డాయి. చిన్నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మ్మే, నాలిక కాలిపోయింది," అన్నాడు. పళ్లెం ముందుకు తోసి, "ఇంగొంచెం సంగటి ఎయ్," అన్నాడు.

తర్వాత ఏ పెళ్లిలో ఎవరు మెచ్చుకున్నా ఆమె ఆ మాటతోనే పోల్చుకునేది.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఊరు పైవీధి పార్టీ, కిందవీధి పార్టీ అని చీలింది. నాయన పైవీధి వైపు నిలిచాడు. చిన్నాయన భార్య తరపు వాళ్లంతా కిందవీధి. ఇంట్లో పోట్లాట ఏమీ జరగలేదు. ఒకరోజు చిన్నాయన బండి మీద నాపబండలు తెచ్చి ఆవరణ మధ్యలో వరసగా నిలబెట్టాడు. రోలు వీళ్ల వైపు ఉండిపోయింది. ఆ సాయంత్రం అవతల కొత్త పొయ్యి రాజింది.

బండలు మనిషి ఎత్తు కూడా లేవు. చిన్నాయన కొడుకు యల్లయ్య అప్పటికి పసివాడు. రెండో రోజో మూడో రోజో, తినే వేళకు, బండ మీదుగా ఒక చిన్న చేయి వచ్చింది. చేతిలో తుంచిన సంగటి ఉంది.

"అక్కా, రవ్వంత."

రామేశ్వరమ్మ రోట్లోంచి ఊరిమిండి వేళ్లతో తీసుకుని లేచింది.

"కూచో," అన్నాడు నాయన.

ఆమె కూర్చుంది. ఆ చేయి కాసేపు బండ మీదే ఉండి వెనక్కి పోయింది. వేళ్ల మీదున్నది ఆమె మళ్లీ రోట్లోనే వేసింది. ఆ పూట అందరూ తిన్నారు. ఆమె మొహాలు చూడలేదు.

ఆ తర్వాత చాలా జరిగింది. పైవీధికీ కిందవీధికీ పెద్ద పార్టీల జెండాలు వచ్చాయి. ఒక ఎన్నికల ముందు రెండు వీధుల పెద్దలూ పార్టీలు మారి, ఇవతలివాళ్ల జెండా అవతలివాళ్లు, అవతలివాళ్ల జెండా ఇవతలివాళ్లు ఎత్తుకున్నారు. పగ మాత్రం ఎవరిది వాళ్ల దగ్గరే ఉంది. క్షవరం చేసేవాళ్లు, టీ అంగళ్లు, చివరకు ఊరికి వచ్చే బస్సులో సీట్లు కూడా రెండుగా చీలాయి.

రామేశ్వరమ్మను వేముల అనే ఊరికి ఇచ్చారు. భర్త పులివెందుల దగ్గర రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, గనిలో పనిచేసేవాడు. దగ్గి దగ్గి పోయాడు. పిల్లలు లేరు. ఆ కాలంలో పార్టీలతో సంబంధం లేని చావు కాబట్టి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆమె ప్రొద్దుటూరు వచ్చి, పెళ్లిళ్లకు వండే హబీబుల్లా దగ్గర మసాలా నూరే పనికి కుదిరింది. అక్కడే గిన్నెలు తోమే సైదాబీ ఆమెకు తోడైంది. వందల మందికి ఎసరు ఎంత పెట్టాలో, ఏ కట్టె ఎప్పుడు లాగాలో హబీబుల్లా నేర్పాడు. డేగిసా మూత తీయగానే ఆమె చేయి ముందుకు పోవడం చూసి అతను నవ్వేవాడు.

"నువ్వు వండను వచ్చినావా, తినను వచ్చినావా రామేశ్వరమ్మా?"

"రెండిటికీ వచ్చినాలే మామా."

పని బాగానే నేర్చుకుంది. కానీ పెళ్లిళ్లలో వంట తడికెల వెనక జరిగేది. తినేవాళ్లు తడికెలకు అవతల ఉండేవారు. గిన్నెలు నిండుగా పోయి ఖాళీగా తిరిగి వచ్చేవి. కొన్నేళ్లకు ఆమె సైదాబీతో అంది: "తినేటోళ్ల మొగం కనపడని వంట నాకొద్దు సైదా. యాడన్నా మనమే పొయ్యి పెట్టుకుందాం."

అలా కోర్టు ముందర రేకులు వేశారు. ఊళ్లో హోటళ్లన్నీ అన్నం పెడుతున్నాయి కాబట్టి ఆమె సంగటి ఎంచుకుంది.

మొదట్లో ఫ్యాక్షన్ మనుషులు ఎవరూ తినేవారు కాదు. కూడు, నీళ్లు ఇళ్ల నుంచే తెచ్చుకునేవారు. రోడ్డుకు అటు ఒక పార్టీ, ఇటు ఒక పార్టీ జీపుల్లో కూర్చుని క్యారియర్లు విప్పుకునేవారు. ఒక ఎండాకాలం ఒక ఊరి జీపు దారిలో చెడిపోయింది. మనుషులు వాయిదాకు వేరే బండిలో వచ్చారు, క్యారియర్లు రాలేదు. మధ్యాహ్నానికి ఆకలి తట్టుకోలేక రేకుల కిందికి వచ్చి నిలబడ్డారు. వాళ్ల పెద్ద ఏదో అడగబోయాడు. అప్పటికే రామేశ్వరమ్మ గిల్లి నోట్లో వేసుకుంది. అతను అడగబోయిన మాట అడగలేదు. కూర్చున్నాడు.

తర్వాతి వాయిదాకు వాళ్లు క్యారియర్లు తేలేదు. అవతలి పార్టీ రెండు వాయిదాల పాటు చూసి, మూడోసారి వాళ్లూ వచ్చారు. ఒక పార్టీ గోడ వైపు, ఒక పార్టీ రోడ్డు వైపు. మధ్య బల్ల మీద కానిస్టేబుళ్లు.

"మాకు డ్యూటీ ఈడేసినారు రామేశ్వరమ్మా. నీ పుల్లగూరకు బందోబస్తు," అనేవాడు ఒక ముసలి కానిస్టేబులు.

"బందోబస్తుకు వచ్చినోళ్లు మూడో ముద్ద అడగరాదు," అనేది సైదాబీ.

రెండు వైపులా నవ్వేవారు. ఒకరిని చూసి ఒకరు కాదు, ఎవరి పళ్లెంలోకి వాళ్లు చూసుకుంటూ. ఎవరూ అవతలివాళ్లతో మాట్లాడేవారు కాదు. కానీ రేకుల కింద ఎన్నడూ చేయి లేవలేదు. రామేశ్వరమ్మకు ఆ అంగడిలో సంపాదన ఉంది. అంతకంటే ఎక్కువగా మధ్యాహ్నం పొయ్యి పక్కన నిలబడి రెండు వైపుల మొహాలు చూసే కాసేపు ఉంది. అది పోతే ఆమెకు వేరే ఏమీ లేదు.

అలా ఉండగా గుండ్లకొట్టాల కేసే కోర్టుకు వచ్చింది. మైలవరం దారిలో కిందవీధి మనిషిని ఒకణ్ని బస్సు దింపి చంపారు. ముద్దాయిలలో తిప్పన్న పేరు ఉంది. చూసిన సాక్షులలో యల్లయ్య పేరు ఉంది. అన్న ఆ పని చేశాడా లేదా అని రామేశ్వరమ్మ అడగలేదు. జామీను మీద బయటికి వచ్చినప్పుడు తిప్పన్న గోడ వైపు కూర్చుని తినేవాడు. యల్లయ్య రోడ్డు వైపు కూర్చునేవాడు. ఇద్దరికీ ఆమె ఒకే కొలత ముద్ద కట్టేది.

సాక్ష్యం దగ్గర పడుతుండగా శ్రావణం వచ్చింది. తిప్పన్న భార్య ఆదిలక్ష్మమ్మ గండి ఆంజనేయస్వామికి మొక్కుకోమంది. "తోడబుట్టినదానివి నువ్వు. నీ మొక్కైతే వింటాడు." రామేశ్వరమ్మ మొక్కుకుంది. శ్రావణ శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని, దీపం పెట్టేదాకా ఏదీ నోట్లో వేసుకోనని, అన్న విడుదలైతే గండి కొండకు వస్తానని.

మొదటి శనివారాలు ఇబ్బంది లేకుండా గడిచాయి. ఆ రోజుల్లో పెద్ద కేసులు లేవు. గుమాస్తాలు, కానిస్టేబుళ్లు తిని పోయారు. ఆమె గిల్లి తినలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. చివరి శనివారానికి గుండ్లకొట్టాల కేసు వాయిదా పడింది. యల్లయ్య సాక్ష్యం ఆ రోజే.

"అంగడి మూసేద్దామా అక్కా?" అంది సైదాబీ.

"వాళ్లు క్యారియర్లు తెచ్చుకోరు గదా. యాడ తింటారు?"

"ఒక్కపొద్దని చెప్తావా?"

"అడిగితే గదా."

పొద్దున వేరే కేసు సాగింది. యల్లయ్యను మధ్యాహ్నం తర్వాత పిలుస్తామన్నారు. రెండు పార్టీలు రేకుల కిందికి వచ్చాయి. తలస్నానం చేసి, నుదుట ఆంజనేయుడి సిందూరం పెట్టుకుని, రామేశ్వరమ్మ పళ్లెం అందుకుంది. ముద్ద వేసింది. మరో పళ్లెం అందుకుంది. వరసగా వేసుకుంటూ పోయింది. చివరి పళ్లెం పెట్టి వెనక్కి తిరిగేసరికి ఎవరూ తినడం లేదు.

కిందవీధి సాక్షులను వెంటబెట్టుకు తిరిగే పెద్దమనిషి ఆదినారాయణ పళ్లెం పక్కకు జరిపాడు.

"ఏంది రామేశ్వరమ్మా, ఈపొద్దు మర్సిపోయినట్టుండావు."

"ఏం మర్సిపోయినా?"

"నువ్వు తినల్యా."

"ఒక్కపొద్దు నాకు."

"ఎవురి కోసరం?"

 చెప్పనక్కర లేదు. ఆదినారాయణ గోడ వైపు, తిప్పన్న వైపు చూశాడు.

"మీ యన్న మీద మావోడు ఇంగ గంటకు సాక్ష్యం చెప్పాల. రోజూ తినేదానివి ఈపొద్దే తినవు. నువ్వు మంచిదానివే. కాదనను. కానీ నేను ఈ పిల్లోణ్ని వాళ్లమ్మకు మళ్లా అప్పజెప్పాల గదా."

"నేను తింటాలే పెద్దాయనా," అంది సైదాబీ. కొంగుకు చేయి తుడుచుకుని ముందుకు వచ్చింది.

"నువ్వు వండల్యా. నువ్వు తింటే నాకేం తెలుస్తాది?"

ముసలి కానిస్టేబులు కూడా ముద్ద మీద నుంచి చేయి తీసేశాడు. గోడ వైపు నుంచి ఎవరో, "పోనీయండప్పా, ఆకలి కాకుంటే పొండి," అన్నారు. రోడ్డు వైపు ఒకతను లేచాడు. ఇటు ఇద్దరు లేచారు. మిగతావాళ్లు బల్లలు వెనక్కి జరుపుకున్నారు.

యల్లయ్య మాత్రం లేవలేదు. అతను రామేశ్వరమ్మ నుదుటి సిందూరాన్ని, తడి జుట్టును చూస్తున్నాడు. గుండ్లకొట్టాలలో శ్రావణ శనివారం ఆడవాళ్లు ఎలా ఉంటారో అతనికి తెలుసు.

"నిజంగానే ఒక్కపొద్దు మామా," అని పళ్లెంలోకి చేయి పెట్టాడు.

ఆదినారాయణ అతని మణికట్టు పట్టుకున్నాడు. "తియ్ చెయ్యి."

చేయి సంగటి మీద ఆగింది. తీయలేదు, తుంచలేదు.

రామేశ్వరమ్మ గుండిగ వైపు తిరిగింది.

"మ్మే," అన్నాడు తిప్పన్న. అంతసేపటికి అతను మాట్లాడటం అదే మొదలు. "తినాకు."

ఆమె ఆగింది.

"వాళ్లు పస్తుంటే ఉండనీ. ఒకపూట. నువ్వు తినాకు. నా కోసరం మొక్కినావు గదా."

 పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. రామేశ్వరమ్మ చేయి తడిపింది. చిటికెడు గిల్లి, పుల్లగూరలో అద్ది, నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. అందరూ ఆమె గొంతు వైపు చూస్తున్నారు. ఆమె చేయి కడుక్కుంది.

ఆదినారాయణ పట్టు వదిలాడు. యల్లయ్య తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. లేచినవాళ్లు కూర్చున్నారు. తిప్పన్న తన పళ్లేన్ని అలాగే వదిలి, రోడ్డు దాటి, కోర్టు మెట్ల మీద కూర్చున్నాడు. సైదాబీ పళ్లెం తీసుకుని వెనకే పోబోతే రామేశ్వరమ్మ వద్దంది.

"ఎందుకు తిన్నావక్కా?" అంది సైదాబీ, గిన్నెలు తోముతూ.

"వడ్డించినాక లేపి పంపియ్యను నాకు చేతగాదు."

మధ్యాహ్నం యల్లయ్య బోనెక్కాడు. తను చూసింది చెప్పాడు. తిప్పన్న వైపు చేయి చూపించాడు. కిందవీధి ప్లీడరుకు సంతోషమైంది. ఆ కేసులో తీర్పు దసరా దాటాక వచ్చింది. తిప్పన్నకు యావజ్జీవం పడింది. సాక్ష్యం ఒక్కటే కాదు, వేరే ఆధారాలు కూడా ఉన్నాయని ప్లీడర్లు చెప్పారు. ఆదిలక్ష్మమ్మ అది నమ్మలేదు. మొక్కు చెడింది కాబట్టే శిక్ష పడిందని ఆమె ఇప్పటికీ అంటుంది.

యల్లయ్య సాక్ష్యం చెప్పిన ఆ శనివారం సాయంత్రమే ఆమె అంగడికి వచ్చింది. భర్త బస్టాండులో ఉన్నాడు, రానన్నాడు. ఆమె లోపలికి రాలేదు. రేకుల అంచున నిలబడింది.

"మొగుడు పోయినోళ్లకు తెలీదా రామేశ్వరమ్మా, ఇల్లు ఎట్లుంటాదో?"

"తెల్సు వదినె."

"మరి ఎవురి కోసరం తిన్నావు? ఆ ఆదినారాయణ కోసరమా? నీ బల్లల కోసరమా?"

రామేశ్వరమ్మ చెంబు ముంచింది. నీళ్లు ఇవ్వబోయింది. ఆదిలక్ష్మమ్మ తాగలేదు.

"నీ చేతి కూడు మా ఇంట్లో ఇంగ ఎవురూ తినరు," అని వెళ్లిపోయింది.

ఆ మాట నిలబడింది. అన్న జైలు నుంచి పరోలు మీద వచ్చినప్పుడు కూడా తినలేదు. రెండు పార్టీలు మాత్రం ఫ్యాక్షన్ కేసులు తగ్గేదాకా అదే రేకుల కింద, గోడ వైపు, రోడ్డు వైపు, తింటూనే ఉన్నాయి. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రాత్రి రామేశ్వరమ్మ అంగడి తాళం సైదాబీకి ఇచ్చింది. మర్నాడు ఆదివారం. మొదటి బస్సెక్కి పులివెందులలో దిగి, అక్కడ బస్సు మారి గండికి పోయింది. ఏటి నీళ్లలో మునిగి, తలనీలాలు తీసే చోట వరసలో కూర్చుంది. తన వంతు వచ్చింది.

మంగలి ఆమె జుట్టు విప్పి నీళ్లు చల్లాడు.

"మొక్కు తీరిందా అమ్మా?"

"ల్యా."

"తీరకముందే ఇస్తాండావా?"

"ఒక్కపొద్దు మధ్యలో తప్పినా. దానికి."

"ఎవురి కోసరం పట్టినావు?"

"మా యన్న కోసరం."

"తప్పింది?"

"తమ్ముని కోసరం."

అతను కత్తికి కొత్త బ్లేడు వేస్తూ ఇంకేదో అడగబోయాడు.

"బిన్నా కానీ అప్పా," అంది రామేశ్వరమ్మ. "రేపు వాయిదాలుండాయి. పోయి రాగులు మరకు ఎయ్యాల."

ఆమె తల వంచింది.